ఒంటరివాడికి మళ్ళీ ఏకాంతమా?

మొన్నొక ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం బయట చెప్పులు వెతుక్కుంటుంటే, మా సంఘపెద్ద ఒకాయన భుజం మీద చెయ్యేసి అడిగాడు. "అన్నా, పొద్దుగాల గంటసేపు ఫోన్ బంద్ జేసి ఒక్కనివే కూసుంటున్నవట. ఇప్పటికే ఇంట్ల ఒక్కనివే ఉంటివి. మళ్ళ గీ ఏకాంతమేంది? పుండు మీద కారం జల్లుకున్నట్టు!"

నవ్వి ఊరుకున్నాను. నాలుగేళ్ళ కిందయితే నేనూ అదే మాట అనేవాణ్ణి. కానీ ఇంటికొచ్చి కంచంలో అన్నం పెట్టుకుంటుంటే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? ఒంటరిగా ఉన్నవాణ్ణి ఇంకాస్త ఒంటరిగా కూర్చోమనడం, దాహమైనవాడికి ఉప్పు నాకించడం కాదా? చెప్పులేసుకుంటూ చెప్పగలిగే జవాబు కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. 2022లో ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు గానీ, కాజీపేట డీజిల్ కాలనీలో మమ్మల్ని ఇప్పటికీ గార్డులనే పిలుస్తారు. నా సర్వీసులో పధ్నాలుగేళ్ళు గూడ్స్ బండ్ల మీదే గడిచాయి. ఇంజిన్‌లో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరుంటారు. వాళ్ళ వెనక యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు. ఆ బొగ్గు వెనక, ఆరు వందల మీటర్ల అవతల, బ్రేక్ వ్యాన్ అనే ఇనప డబ్బాలో ఒక్క మనిషి. ఎండాకాలం రామగుండం దాటితే ఆ డబ్బా రొట్టెల పెనమే. పోత్కపల్లిలోనో రేచ్ని రోడ్‌లోనో లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద, పెట్టారంటే ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉంటాయి, మనం కదలం. మూడు గంటలు, నాలుగు గంటలు. చేతిలో టార్చి, పక్కన లైన్ బాక్సు, బయట మిణుగురులు.

అంత తీరిక, అంత నిశ్శబ్దం మఠాల్లో సన్యాసులకైనా దొరకదేమో. ఆ పధ్నాలుగేళ్ళలో నేను దేవునితో గడిపింది ఎంత అని లెక్కేస్తే సిగ్గేస్తుంది. పల్లీలు తిన్నాను. రేడియో విన్నాను. టీఏ లెక్కలు కట్టాను. అన్నిటికన్నా ఎక్కువగా, పగలు పెంచుకున్నాను. నన్ను తప్పించి సీనియారిటీ లిస్టులో పైకి పోయిన వాడికి చెప్పాల్సిన మాటలు ఎన్ని రాత్రులు బిసుగిర్‌షరీఫ్ నుంచి బల్లార్షా దాకా వల్లె వేసుకున్నానో! ఆ మాటలు వాడితో ఒక్కసారీ అనలేదు.

కాబట్టి ఒక్కడివే ఉండటం వేరు, ఏకాంతంలో ఉండటం వేరు అని నేను పుస్తకాల్లో చదివి చెప్పట్లేదు. ఒక్కడివే ఉండటం మన మీదికి వచ్చి పడుతుంది. డ్యూటీ వేస్తారు, భార్య పోతుంది, పిల్లలు వీసా వచ్చిందని వెళ్ళిపోతారు. ఏకాంతానికి మాత్రం మనమే లేచి వెళ్ళాలి.

ఇంకో సంగతి. మన భాషలోనే ఈ తేడా ఉంది, ఎవరూ పట్టించుకోరు. "మీతో ఏకాంతంగా మాట్లాడాలి" అంటాం. అంటే ఎంతమంది? ఇద్దరు. కొత్త దంపతులకు ఏకాంతం కల్పిస్తాం, అక్కడా ఇద్దరే. గుడిలో రాత్రి పవళింపు సేవను ఏకాంత సేవ అంటారు, అప్పుడూ దేవుడి దగ్గర పూజారి ఉంటాడు. తెలుగులో ఏకాంతానికి ఎదుట ఇంకొకరు ఉండాలి, ఒంటరితనానికి ఎవరూ అక్కర్లేదు. బ్రేక్ వ్యాన్‌లో నాకు లేనిది ఆ ఎదుటివాడే. నిజానికి ఆయన ఉన్నాడు, నేనే ఆ వైపు తిరగలేదు.

నా భార్య పోయి మూడేళ్ళయింది. కిడ్నీలు. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. బిడ్డ, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు. అంత్యక్రియలకు వచ్చి ఇరవై రోజులుండి వెళ్ళారు. వాళ్ళను శంషాబాద్‌లో దింపి రాత్రి ఇంటికొచ్చి తాళం తీశాను. ఆ తాళం చప్పుడు అంతకుముందు ఎప్పుడూ నేను విన్నది కాదు. ముప్పై ఏళ్ళు ఏ వేళకు వచ్చినా లోపల గొళ్ళెం తీసే చప్పుడే విన్నాను.

ఆ తర్వాత ఏడాది పాటు అందరూ చెప్పిన వైద్యమే చేశాను. జనంలో ఉండు, బిజీగా ఉండు. పొద్దున ఐదింటికి జూమ్ ప్రార్థన. బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, రెండో శనివారం రాత్రంతా జాగరణ. పదకొండు వాట్సాప్ గ్రూపులు. అందరికీ "ఆమెన్", అందరికీ చేతులు జోడించిన బొమ్మ. ఇంట్లో ఉన్నంతసేపు టీవీ మోగాల్సిందే, చూసినా చూడకపోయినా. కూడికల్లో నన్ను మెచ్చుకున్నారు, అన్న ఎంత బలంగా నిలబడ్డాడో చూడండని సాక్ష్యం కూడా చెప్పించారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. రాత్రి పదకొండింటికి మళ్ళీ అదే తాళం.

2014లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషులను ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, కావాలంటే కరెంటు షాకు ఇచ్చుకోవడానికి ఒక బటన్ పెట్టారు. పద్ధెనిమిది మంది మగవాళ్ళలో పన్నెండు మంది ఆ బటన్ నొక్కుకున్నారు. ఆడవాళ్ళు నయం, ఇరవై నలుగురిలో ఆరుగురే. చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత నా జేబు తడుముకున్నాను. నా బటన్ పదకొండు గ్రూపులతో అక్కడే ఉంది.

సంఘంలో మనం ఎంతో ప్రేమతో చేసే ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. ఎవరైనా నోరు తెరిచి ఒంటరిగా ఉందనగానే, "యేసయ్య తోడుండగ నీకు ఒంటరితనమేంది?" అంటాం. అంటే నీకు విశ్వాసం చాల్లేదని చెప్పినట్టే. ఆ మాట అనేవాళ్ళు ఆదికాండము రెండో అధ్యాయం ఇంకోసారి చదవాలి. పాపం ఇంకా లోకంలోకి రాలేదు, సర్పం ఇంకా నోరు విప్పలేదు. ఆదాముకు తోట ఉంది, పని ఉంది, దేవుడు ఎదుటే ఉన్నాడు. అయినా దేవుడే అన్నాడు, "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అని. "నేనున్నాను కదా, చాలదా?" అనలేదు. సృష్టిలో అప్పటిదాకా చేసిన ప్రతిదీ మంచిదని చూసిన దేవుడు మొదటిసారి మంచిది కాదని అన్నది ఈ ఒక్కదాన్నే. ఆయనే ఒప్పుకున్నదాన్ని కాదనడానికి మనమెవరం?

కీర్తనలు కూడా దాన్ని దాచలేదు. "రాత్రి మెలకువగా నుండి యింటిమీద ఒంటిగా నున్న పిచ్చుకవలె నున్నాను" అంటుంది 102వ కీర్తన. 88వ కీర్తన ఇంకా ఘోరం. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లోనైనా స్తుతిలోకి మలుపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే దగ్గర ఆగిపోతుంది. మన సాక్ష్యాల కూడికలో ఎవరైనా అలా ముగిస్తే మైకు లాక్కుంటాం.

మరి ఒంటరితనం మంచిది కాదని దేవుడే అన్నప్పుడు, నేను రోజూ గంటసేపు తలుపేసుకోవడమెందుకు?

మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. కపెర్నహూము అనే ఊరు. ముందురోజు సాయంత్రం పట్టణమంతా తలుపు దగ్గరే ఉంది. యేసు "పెందలకడనే లేచి, యింకను చాలా చీకటియుండగానే" అరణ్యప్రదేశానికి వెళ్ళిపోయాడు. శిష్యుడు సీమోను వాళ్ళు వెతికి పట్టుకుని చెప్పిన మాట, "అందరు నిన్ను వెదకుచున్నారు." నాలాంటివాడికి అంతకన్నా తీపి మాట ఉంటుందా? ఎవరైనా నన్ను వెతుకుతున్నారంటే పరుగెత్తుకు వెళ్ళనా! ఆయన మాత్రం వెనక్కి పోలేదు. పక్క ఊళ్ళకు పోదాం పదండన్నాడు. అందరూ వెతకడం మీద ఆయన బతుకు ఆధారపడలేదు. అది ఎక్కడ కుదిరిందంటే, ఆ చీకట్లోనే. నా సంగతి వేరు. కూడికకు నేను వెళ్ళింది దేవుని కోసం కన్నా, "అన్న ఇంకా రాలేదేంది" అని ఎవరో ఒకరు అడగడం కోసం. ఇది ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నేను ఎక్కువగా పట్టుకు వేలాడేది మాత్రం గెత్సేమనే, యేసును పట్టుకెళ్ళిన రాత్రి ఆయన ప్రార్థించిన తోట. యేసు ఏకాంతాన్ని ఇష్టపడ్డాడని బోధించేవాళ్ళు ఆ రాత్రిని గబగబా దాటేస్తారు. ఆయన ముగ్గురు శిష్యుల్ని వెంట తీసుకెళ్ళాడు. "నాతో కూడ మెలకువగా నుండుడి" అని బతిమాలాడు. వాళ్ళు నిద్రపోతే నొచ్చుకున్నాడు, ఒక గడియైనా మేల్కొని ఉండలేరా అన్నాడు. తోడు కావాలని అడగడానికి దేవుని కుమారుడే సిగ్గుపడలేదు. అయినా ఆ ముగ్గురి మధ్య మోకరించలేదు, కొంచెం పక్కకు వెళ్ళాడు. ఎంత దూరం? లూకా కొలిచి చెప్పాడు, "రాతివేత దూరము." రాయి విసిరితే పడేంత. పిలిస్తే వినబడేంత. ఏకాంతానికి ఇంతకన్నా మంచి కొలత నాకెక్కడా దొరకలేదు. గుహలో దాక్కునేంత దూరం అక్కర్లేదు, మనుషుల ఒళ్ళో కూర్చునేంత దగ్గరా వద్దు.

ఇది ధ్యానమనీ, మన క్రైస్తవులది కాదనీ కొందరికి అనుమానం. హనుమకొండలో పద్మాక్షి గుట్ట బండల మీద చెక్కిన జైన విగ్రహాలను చూపించి, "గట్ల కళ్ళు మూసుకొని కూసునుడు వాళ్ళది, మనది నోరు దెరిచి మొర్రపెట్టుడు" అన్నాడొక తమ్ముడు. బాగానే చెప్పాడు గానీ, మూడో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలోకి వెళ్ళిన ఆంథోనీ క్రైస్తవుడే. పాడుబడ్డ కోటలో దాదాపు ఇరవై ఏళ్ళు ఒక్కడే ఉన్నాడు. క్రైస్తవుల మీద హింస రేగినప్పుడు మాత్రం అలెగ్జాండ్రియా నగరానికి దిగొచ్చి చెరసాలల్లో, గనుల్లో ఉన్నవాళ్ళకు సేవ చేశాడు. మన దగ్గరా లేకపోలేదు. మా అత్తమ్మది గుంటూరు దిక్కు, బైబిలు మిషను కుటుంబం. 1938లో దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన ఆ సంఘంలో "సన్నిధి" అనే అలవాటుంది. అడగడాలు, పాటలు అన్నీ ఆపి, ప్రభువు ఎదుట ఊరికే కనిపెట్టుకుని కూర్చోవడం. ఆమె మా ఇంటికొచ్చినప్పుడు తెల్లారుజామున అలా కూర్చుంటే, నిద్రపోతోందేమో అనుకుని నేను దుప్పటి కప్పేవాణ్ణి.

నేను మొదలుపెట్టిన తీరు చెబితే నవ్వుతారు. ఏకాంతానికి మంచి స్థలం కావాలని పాకాల చెరువుకు వెళ్ళాను. కట్ట మీద నిలబడి నీళ్ళను, అడవిని వీడియో తీశాను. "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అని కింద రాసి పదకొండు గ్రూపుల్లోనూ పెట్టాను. తిరుగు ప్రయాణంలో నర్సంపేట బస్టాండులో టీ తాగుతూ ఎంతమంది చూశారో లెక్కపెట్టుకున్నాను. ఊరకుండింది ఎక్కడ!

ఇప్పుడు మా డాబా మీదే. ఒక ప్లాస్టిక్ కుర్చీ. నాలుగున్నరకు లేస్తాను. ఫోను వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తాను, జేబులో ఉంటే చెయ్యి ఆగదు. కాజీపేటలో నిశ్శబ్దం ఉంటుందని కాదు. జంక్షన్ నుంచి హారన్లు, షంటింగ్ ఇంజిన్ల మోత, అజాన్, సుప్రభాతం, కుక్కలు. అవి నన్ను పిలిచే చప్పుళ్ళు కావు గనుక అడ్డు రావు. ఒక కీర్తన మెల్లగా రెండుసార్లు చదువుతాను. తర్వాత ఏమీ చెయ్యను. ఈ ఏమీ చెయ్యకపోవడమే కష్టం.

మొదటివారం పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. దేవుడు కనిపించలేదు గానీ సీనియారిటీ లిస్టువాడు కనిపించాడు, రిటైరై ఎక్కడున్నాడో పాపం. నాకు విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. మూడోవారంలో అనుకుంటా, ఒక రాత్రి గుర్తొచ్చింది. నా భార్యకు డయాలసిస్ మొదలైన కొత్తలో, నేను డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను. "కాసేపు మాట్లాడవా" అంది. "నిద్రొస్తుంది, పొద్దున మాట్లాడుదాం" అన్నాను. అంతే. పెద్ద గొడవేమీ కాదు. పొద్దున కూడా మాట్లాడలేదు. ఆ మాట టీవీ చప్పుడు కింద, జూమ్ ప్రార్థనల కింద రెండేళ్ళు భద్రంగా పడి ఉంది. ఆ రోజు డాబా మీద బయటకొచ్చింది. నేను ఏడ్చింది ఆమె పోయిందని కాదు, ఆమె బతికుండగా ఆమెను ఒంటరిని చేశానని. క్షమించమని అడగాల్సినవాళ్ళు ఇద్దరు, ఎదుట ఉన్నది ఒకరే. ఆయనను అడిగాను.

జనంలో ఉండు, బిజీగా ఉండు అన్నప్పుడు మనం మూత పెడుతున్నది దేనిమీదో మనకు తెలియదు. నేను రాతివేత దూరం పక్కకు వెళ్ళబట్టి ఆ మూత తెరుచుకుంది.

అయితే అందరికీ ఇదే మందు రాయొద్దు. నేను రాశాను, చేతులు కాల్చుకున్నాను. మా సంఘానికి ఒక పిల్లగాడు వస్తాడు. ఆసిఫాబాద్ దిక్కు పల్లె, నయీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. పదిహేడేళ్ళు. ఒకరోజు ఆరాధన తర్వాత, "అంకుల్, రూంల ఆరుగురం ఉంటం గని నాకెవ్వరు లేనట్టుంటది" అన్నాడు. నాకు కొత్తగా దొరికిన జ్ఞానమంతా వాడి నెత్తిన కుమ్మరించాను. మార్కు 1:35, పెందలకడ, ఏకాంతం. వాడు తలూపి వెళ్ళాడు. మూడు ఆదివారాలు కనబడలేదు.

ఆ మూడోవారం చదువుతున్నది ఏలీయా ప్రవక్త కథ. ఇంతమట్టుకు చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీవృక్షం కింద పడుకున్నవాడికి దేవుడు మొదట చెప్పింది వాక్యం కాదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, "నీవు లేచి భోజనము చేయుము" అంది. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు. మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనం. హోరేబు అనే దేవుని కొండ, అక్కడ మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే స్వరం, అవన్నీ నలభై రోజుల తర్వాత. ఆ స్వరమైనా కొండ మీదే ఉండిపొమ్మనలేదు. వెనక్కి పంపింది, ఎలీషా అనే తోడు ఉన్నాడని చెప్పింది, బయలు అనే దేవతకు మోకాలు వంచనివాళ్ళు ఇంకా ఏడువేల మంది ఉన్నారంది.

నేను వాడికి రొట్టె పెట్టకుండా హోరేబు కొండ ఎక్కమన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ఉంది. ముసలివాళ్ళకన్నా కుర్రవాళ్ళలోనే అది ఎక్కువట. మన సంఘాల్లో ప్రార్థన అవసరాల జాబితా తీస్తే వితంతువులు, వృద్ధులు ఉంటారు గానీ హాస్టల్ పిల్లలు ఉండరు. నిద్ర పట్టనివాళ్ళు, తిండి మానేసినవాళ్ళు, చచ్చిపోతే బాగుండని నోరు జారినవాళ్ళు ఉంటే వాళ్ళను ఏకాంతానికి పంపకండి. పక్కన కూర్చోండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం టెలిమానస్ నంబరు నొక్కి ఫోను చేతికివ్వండి. నిన్నమొన్న మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకు కూడా ఇంకా వేళ కాలేదు. నాకే ఏడాది దాటాక గానీ కాలేదు.

నాలుగో ఆదివారం హాస్టల్‌కు పోయి వాణ్ణి స్కూటర్ మీద ఇంటికి తెచ్చాను. కోడికూర వండాను, కారం ఎక్కువైంది. వాడు మూడుసార్లు పెట్టించుకున్నాడు. తిన్నాక రెండు గంటలు మాట్లాడాడు. నేను ఒక్క వాక్యం కూడా చెప్పలేదు, నా మట్టుకు అది పెద్ద సంగతే. "కాసేపు మాట్లాడవా" అన్న మాట చెవిలో ఉంది కాబట్టే నోరు మూసుకోగలిగానని నా నమ్మకం.

నా ఒంటరితనం పోయిందా అంటే పోలేదు. తాళం చప్పుడు ఇప్పటికీ అలాగే ఉంది. పండగలప్పుడు మరీ ఎక్కువ. బిడ్డకు ఫోన్ చేసే పద్ధతి మాత్రం మారింది. ఇంతకుముందు నా రాత్రి ఎనిమిదింటికి, అంటే అక్కడ ఆఫీసుకు పోయే హడావిడిలో చేసి, ఇంకాసేపు ఇంకాసేపు అని పట్టుకునేవాణ్ణి. పెడతా అంటే అలిగేవాణ్ణి. ఇప్పుడు తనే చేస్తోంది. మొన్న అడిగింది, "డాడీ, ఈ మధ్య నా గురించి కూడా అడుగుతున్నవ్, ఏమైంది?" అని. అంతకుముందు అడగలేదా? నాకు గుర్తు లేదు.

మా పాస్టరుగారిని ఒకసారి అడిగాను, ఆదివారం ఆరాధనలో ఐదు నిమిషాలు నిశ్శబ్దం పెడదామని. ఐదు కష్టం, ఒకటి పెడదామన్నారు. పెట్టారు. నలభై సెకన్లు గడిచాయో లేదో, కీబోర్డు తమ్ముడికి చెయ్యి ఆగక మెల్లగా ఒక మీట నొక్కాడు. వెంటనే వెనకనుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. అంతే, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను. నాకూ బటన్ ఉంది కదా.

ఈ పొద్దున కూడా డాబా మీదే ఉన్నాను. ఇంకా చీకటి. బల్లార్షా లైన్ మీద గూడ్స్ ఒకటి నిదానంగా పోతుంటే పాత అలవాటు కొద్దీ చివరి డబ్బా వైపే చూశాను. ఈ మధ్య కొన్ని బండ్లకు గార్డు బదులు యంత్రం పెడుతున్నారు. దీనికి మనిషే ఉన్నట్టున్నాడు, టార్చి వెలుగు ఒకసారి కదిలింది. వాడికోసం ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నానో లేదో, కింద గేటు చప్పుడైంది. హాస్టల్లో నీళ్ళు రాలేదట. బకెట్టు, సబ్బుపెట్టె పట్టుకుని వచ్చాడు. "అంకుల్, ప్రార్థనల ఉన్నవా? నేనాగుత తియ్" అని మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకో పావుగంట ఉంది. వాణ్ణి పొమ్మనలేదు, నేనూ లేవలేదు.